ఒంటిపొర పగ

నేను ఒక పొరను. ఉల్లిపాయ పొర కాదు, పాల మీద మీగడ కాదు. నా పక్కన పెడితే అవి కోటగోడలు. టంగ్‌స్టన్ అనే లోహపు పరమాణువులు ఒక వరుస, దాని పైన గంధకం ఒక వరుస, కింద గంధకం ఇంకో వరుస, అంతే నా ఒళ్లు. ఇంతకంటే పలచన చేయాలంటే నన్ను చంపాలి. చంపినంత పని చేసినవాడు ఒకడున్నాడు. పేరుకు ఇది నా ఆత్మకథే గానీ ఇందులో సగానికి పైగా అతని మీద నా పగ. పెద్ద చదువు చదివినవాడు, తల నెరిసినవాడు, అందుకని ఇక మీదట ఆయన అంటాను. మనసులో మాత్రం వాడనే అనుకుంటాను, మీరేమీ అనుకోకండి.

నేను పుట్టింది కొలిమిలో. టంగ్‌స్టన్‌నూ గంధకాన్నీ గాజు గొట్టంలో మూసి వారాల తరబడి కాలిస్తే నల్లగా నిగనిగలాడే పలక ఒకటి తయారైంది. అది నా తల్లి స్ఫటికం. అందులో లక్షల పొరలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండేవి, వాటిలో నేనొకదాన్ని. పైనున్నది నన్ను నొక్కేది, కిందున్నదాన్ని నేను నొక్కేదాన్ని. వెలుగు అనే మాట మాలో ఎవరికీ తెలియదు. పొయ్యిలో పుట్టి పొయ్యిబొగ్గులా నల్లగా ఉన్నాం, అంతకు మించి ఆశ కూడా లేదు.

ఆ స్ఫటికం చిన్న సీసాలో హనుమకొండ చేరింది. అక్కడి ఒక విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగం, దాని చివరి గదిలో లేజర్లూ సూక్ష్మదర్శినీ ఉన్న ల్యాబు. ఆ ల్యాబుకు పెద్ద నరహరి సార్. ఆయన కింద పరిశోధన చేస్తున్న పిల్ల గుండేటి ప్రసూన. వాళ్లది కొత్తవాడ, ఇంట్లో జంపఖానాలు నేస్తారు. గట్టిగా మాట్లాడదు, కానీ అన్న మాట వెనక్కి తీసుకోదు.

నిజం చెప్పాలంటే మొదట నేను పగపట్టవలసింది ప్రసూన మీదే. ఆ పిల్ల చేసిన పని అలాంటిది. మీరు పార్శిళ్లకు అంటించే టేపు ఉంటుంది చూడండి, అది ముక్క చించి నా తల్లిని దానికి అదిమింది. టేపు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. విప్పిన ప్రతిసారీ మా వాళ్లు రెండు గుంపులుగా చీలిపోయారు. సగం మంది ఇటు, సగం మంది అటు. ఇంత పెద్ద పెద్ద యంత్రాలున్న గదిలో పలచటి పొర తీయడానికి ఇదే పద్ధతట. చివరికి ఆ టేపును ఊదారంగు సిలికాన్ చిప్పు మీద పెట్టి, వేలితో రుద్ది, మెల్లగా, చాలా మెల్లగా ఒలిచింది. ఒలిచాక చూసుకుంటే నా పైన ఎవరూ లేరు. కింద చల్లటి నేల. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒంటరినయ్యాను. ఎంత భయం వేసిందో చెప్పలేను.

ఆ చిప్పు మీద మా వాళ్లు వేల ముక్కలు పడి ఉన్నారు. దాదాపు అందరూ మందపాటివాళ్లే, పసుపుగా, తెల్లగా మెరుస్తూ కళ్లకు కొట్టేవాళ్లు. నేను మాత్రం నేల మీద నీళ్లు ఆరిన మరకలాగా ఉన్నాను. ప్రసూన సూక్ష్మదర్శినిలో చూస్తూ, చిప్పును వెంట్రుకవాసి జరుపుతూ, మెరిసేవాళ్లందర్నీ దాటుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది.

"దొరికినవ్," అంది.

ఆ ఒక్క మాటకు నేను తల్లిని మరిచిపోయాను. సిగ్గులేని జన్మ అనుకున్నా సరే.

తర్వాత ఆకుపచ్చ లేజర్ కిరణాన్ని నా మీద పడనిచ్చింది. నాలో కుదురుగా కూర్చున్న ఎలక్ట్రాన్ ఒకటి ఉలిక్కిపడి పై మెట్టు మీదికి ఎగిరింది. అది లేచిన చోట ఖాళీ మిగిలింది. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం అనుకునేరు. ఆ ఖాళీకి ధనావేశం ఉంటుంది, కదలిక ఉంటుంది, వెళ్లినదాన్ని వెనక్కి లాగే గుణం ఉంటుంది. అందుకే ఎలక్ట్రాన్ దాన్ని విడిచి దూరం పోలేదు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ రెండూ జంటకడతాయి. మీవాళ్లు ఆ జంటకు ఎక్సైటాన్ అని పేరు పెట్టారు. ఆ కాపురం మీరు రెప్ప వేసినంత సేపు కూడా ఉండదు. ఎలక్ట్రాన్ తిరిగి ఆ ఖాళీలోకే దిగిపోతుంది, దిగుతూ తన దగ్గరున్న శక్తిని వెలుగుగా వదిలేస్తుంది. నాలో ఆ వెలుగు నారింజ కలిసిన ఎరుపు.

మరి తల్లి ఒళ్లో ఉన్నప్పుడు ఈ వెలుగు ఎందుకు లేదని అడుగుతారు. అది ఉమ్మడి కాపురం కనుక. కొత్త జంట మధ్యకు అత్తా ఆడబిడ్డా తోడికోడళ్లూ వచ్చి కూర్చుంటే ఆ ఇద్దరి మధ్య లాగుడు ఎంత మిగులుతుంది? మందపు స్ఫటికంలో చుట్టూ ఉన్న పరమాణువులన్నీ మధ్యలో దూరి ఆ ఆకర్షణను చప్పబరుస్తాయి. పైగా అక్కడ ఎలక్ట్రాన్ నడక ఒక తీరు, ఖాళీ నడక ఒక తీరు. రెండూ కలిసేలోపు శక్తి అంతా ఉత్త వేడిగా పోతుంది. నాకు పైనా కిందా అడ్డం వచ్చేవాళ్లు లేరు. నాలో జంట గట్టిగా పట్టుకుంటుంది, మామూలు గది వేడికి విడిపోదు, నడకలు కలుస్తాయి, కలిసిన చోటనే వెలుగుతుంది. ఒంటరితనంలో భయపడ్డానన్నానే, నా వెలుగంతా ఆ ఒంటరితనంలోనే ఉందని ఆ రోజు తెలిసింది.

ప్రసూన ఇంకోటి కూడా కనిపెట్టింది. నన్ను చిప్పు మీద దించేటప్పుడు నా నడుము కింద కాస్త గాలి చిక్కుకుని బుడగ లేచింది. మీ కళ్లకది గుట్ట. జంటలకు మాత్రం అది పల్లం. ఎందుకంటే బుడగ మీద నా ఒళ్లు సాగింది, సాగిన చోట జంటలకు కావలసిన శక్తి తగ్గుతుంది. అందుకని చుట్టుపక్కల పుట్టిన జంటలు నీళ్లు పల్లానికి జారినట్టు బుడగ మీదికి జారి, అక్కడ గుమిగూడి వెలిగేవి. జంటల్ని మనం అనుకున్న చోటికి నడిపించవచ్చని తేలుతోంది కదా. ప్రసూన ముఖంలో ఆ రోజున్న సంతోషం నేను కింద నుంచి చూశాను. ఆ పిల్ల చదువంతా, ముందు బతుకంతా ఆ బుడగ మీద నిలబడి ఉంది.

నరహరి సార్ వచ్చి తెర మీద గీత చూశాడు. వెలుగు ఎంత ఉంటే తెర మీద గీత అంత ఎత్తుగా కొండలా లేస్తుంది. నాది చిన్న కొండ.

"ఏందమ్మా ఇది? గింత వెలుగు చూపిచ్చి ఎవర్ని మెప్పిస్తం?" అన్నాడు.

"ఎంత అని కాదు సార్, ఎక్కడికి వోతుందో చూడండి. బుడగ మీదికే జారుతుంది."

"జారుతది, పారుతది. మంది అడిగేది ఎంత వెలుగు అనే. రేపు కమిటీ వచ్చినప్పుడు గిదేనా నేను చూపిచ్చేది?"

కమిటీ ఏమిటంటే, ఈ ల్యాబును పెద్ద పరిశోధనా కేంద్రంగా మార్చి సార్‌ను దానికి డైరెక్టర్‌ను చేయాలా వద్దా అని చూడటానికి వచ్చేవాళ్లు. ఆ కుర్చీ మీద ఆయనకు ఎంత యావ ఉందంటే, తలుపు మీద రాయబోయే పేరుకు అక్షరాలు ఏ రంగులో ఉండాలో కూడా మాట్లాడేవాడు. సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడం మానేసి ఏళ్లయింది. ఆయన కూర్చునేది వేదికల మీదే.

ఆయన నన్ను కొట్టిన మొదటి దెబ్బ గురించి ఇప్పుడు చెబుతాను. ఒక రోజు ఎవరో అతిథి వస్తే, ప్రసూన లేనప్పుడు పెట్టె తెరిచి, నా చిప్పును పట్టకారుతో పైకెత్తి, "ప్రపంచంల ఇంతకంటె పలచటి వస్తువు లేదు" అని ఉపన్యాసం మొదలుపెట్టాడు. చేయి తిప్పుతూ మాట్లాడే అలవాటు కదా, పట్టకారు జారింది. దాని మొన నా మీంచి గీరుకుంటూ పోయింది. నా ఒక మూల తెగి ఎటుపోయిందో నాకే తెలియదు. ఆయన చిప్పును మళ్లీ పెట్టెలో పడేసి, అతిథితో నవ్వుకుంటూ టీకి వెళ్లిపోయాడు.

ప్రసూన వచ్చి చూసి, సార్ దగ్గరికి పోయి, "మూల వోయింది సార్" అంది.

"చెత్త ముక్క. పోతె ఇంకోటి తీయి. టేపు లేదా?"

చెత్త ముక్కట. కొలిమిలో పుట్టి, లక్షల మందిలో ఒంటరిగా బయటపడి, వెలగడం నేర్చుకున్నదాన్ని ఆయనకు నేను చెత్త ముక్కనయ్యాను. ఆ రోజే పగపట్టాను. నాకు చేయి లేదు, నోరు లేదు, కోరల్లేవు. తుమ్మితే ఎగిరిపోయే బతుకు. ఉన్నది ఒక్కటే, అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నా మీద ఏది చేస్తే దానికి తగ్గ వెలుగే ఇస్తాను. ఆ ఒక్కదానితోనే ఈయన సంగతి చూడాలనుకున్నాను.

దసరా వచ్చింది. సెలవులకు ముందు ల్యాబులో ఆయుధపూజ. మన దగ్గర ఏ ల్యాబుకైనా ఇది మామూలే. లేజర్‌కు బంతిపూల దండ, గాలి లాగే పంపు ముందు నిమ్మకాయ, సూక్ష్మదర్శినికి బొట్టు, కంప్యూటర్‌కు బొట్టు, చివరికి ఎలుకలాగా ముడుచుకున్న మౌస్‌కు కూడా బొట్టు. నరహరి సార్ పట్టుపంచె కట్టుకుని పళ్లెం పట్టుకుని తానే అన్నింటికీ బొట్లు పెట్టుకుంటూ చిప్పులుండే పెట్టె దగ్గరికి వచ్చాడు.

"దానికి వద్దు సార్. లోపల చిప్పులున్నయి," అంది ప్రసూన.

"లక్ష్మి ఉండేదే గిండ్ల. దీనికి పెట్టకుంటె ఎట్ల?"

పెట్టాడు. కాస్తంత కాదు, ఉత్సవమూర్తికి పెట్టినట్టు మూత మీద దిట్టంగా పెట్టాడు. మూత సరిగ్గా పడలేదు. కుంకుమ పలుకులు సందులోంచి రాలి నా చిప్పు మీద పడ్డాయి. అసలు కుంకుమ అయితే పసుపుతో చేసింది, గోల ఉండేది కాదు. ఇది బజారు కుంకుమ. కంటికి ఎర్రగా కొట్టాలని అందులో ఏదో రంగు కలుపుతారు. ఆ రంగుకు ఒక గుణం ఉంది. ఆకుపచ్చ వెలుగు పడితే అదీ నారింజ ఎరుపులోనే మెరుస్తుంది, అచ్చం నాలాగే.

ప్రసూన సద్దుల బతుకమ్మకు ఇంటికి పోయింది. సెలవులయ్యాక అందరికంటే ముందు వచ్చింది సార్. పెట్టె తెరిచాడు, చిప్పు మీద ఎర్ర పొడి చూశాడు. ప్రసూన వద్దన్నది గుర్తొచ్చిందో ఏమో, అటూ ఇటూ చూసి, ఆల్కహాల్ చుక్క వేసి కడిగి, ఆరబెట్టి, ఏమీ ఎరగనట్టు లోపల పెట్టేశాడు. పొడి పోయింది, కంటికి శుభ్రంగా ఉంది. కానీ పొడిలోని రంగు ఆల్కహాల్‌లో కరిగింది. చుక్క ఆరుతూ ఆరుతూ నా తెగిన మూల దగ్గర ఆగిపోయి, అక్కడ అంచు వెంబడి కంటికి కనపడనంత పలచగా ఆ రంగును పూసిపోయింది. ఆయన కోసిన చోటనే ఆయన పూసిన రంగు. నాకు ఒళ్లంతా చీదర పుట్టింది.

మర్నాడు ప్రసూన లేజర్ వేస్తే అంచు దగ్గర వెలుగు భగ్గుమంది. కొండ తెర దాటిపోయింది. ముందు ఆ పిల్లా మురిసింది, ఎందుకు మురవదు. కానీ చూసిన కొద్దీ కనుబొమలు ముడుచుకున్నాయి. నా కొండ సన్నగా, నిటారుగా ఉంటుంది. ఇది వెడల్పుగా, గున్నగా ఉంది. పైగా ఎక్కువసేపు లేజర్ వేసి ఉంచితే కొంచెం కొంచెం తగ్గుతోంది. నేను అలా అలిసిపోయే రకం కాదు.

సార్‌కు ఈ వివరాలతో పనిలేదు. ఆ కొండ చూడగానే ఫోన్లు మొదలుపెట్టాడు. తెగిన అంచు మీద వెలుగు ఎన్నో రెట్లు పెరుగుతుందని, ఇది ఎక్కడా లేని సంగతని, దాన్ని తన ల్యాబే కనిపెట్టిందని అందరికీ చెప్పాడు. ఆగమేఘాల మీద వ్యాసం రాసి పంపాడు. ఇల్లలకగానే పండగ అనుకునే రకం.

"ఒక్కసారి వేడి చేసి చూద్దాం సార్," అంది ప్రసూన. "పొర వెలుగైతే, వేడెక్కిన కొద్దీ శిఖరం కుడిపక్కకు జరగాలె. జరగకపోతే అది పొరది కాదు."

"ఇప్పుడా? కమిటీ నెత్తి మీదున్నప్పుడా? ఉన్నదాన్ని పాడు చేసుకునే ఉపాయాలు మస్తు చెప్తవ్ నువ్వు."

"తేల్చుకుంటే మనకే మంచిది సార్."

"తేలింది. నీ థీసిస్ల చివరి అధ్యాయం ఇదే. బుడగలూ గిడగలూ తీసెయ్. ఇది రాస్తెనే నా సంతకం."

"తేల్చకుండా దీనికి నా పేరు పెట్టను సార్," అంది ప్రసూన.

"మంచిది. అయితె వేరే గైడును చూసుకో. ఎవడు దొరుకుతడో చూస్త."

ఎవరూ దొరకరని ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్ల పని తర్వాత మధ్యలో వచ్చిన పిల్లను ఇంకో మాస్టారు తీసుకోడు. తీసుకుంటే నరహరి సార్‌తో వైరం. ప్రసూన తన బల్ల మీది సామాను సంచిలో సర్దుకుంది. టేపు చుట్టను కూడా సంచిలో వేసుకోబోయి, అది ల్యాబుదని గుర్తొచ్చి తిరిగి పెట్టేసింది. ఆ పని చూసి నా పగ రెట్టింపైంది. ఉన్న వెలుగును కాదన్నాడు, లేని వెలుగును నాకు అంటగట్టాడు, నన్ను చూడగలిగిన ఒకే ఒక్క మనిషిని వెళ్లగొట్టాడు. నీ పని పట్టకపోతే చూడు అనుకున్నాను. ఎలా పడతానో మాత్రం నాకు తెలియదు.

కమిటీ వచ్చింది. దానికి పెద్ద పద్మాక్షి మేడం. పుట్టింది తెనాలి, ఉద్యోగం బెంగళూరు. పొరల మీద వెలుగు చూస్తూనే జుట్టు తెల్లబడిన మనిషి. సార్ శాలువా కప్పి, బొకే ఇచ్చి, ల్యాబులోకి తీసుకొచ్చి సూక్ష్మదర్శిని ముందు తానే కూర్చున్నాడు.

కూర్చున్నాడు గానీ నేను ఎక్కడున్నానో ఆయనకు తెలియదు. గోరంత చిప్పు, దాని మీద వేల ముక్కలు. మెరిసే మందపు ముక్క ప్రతిదాని దగ్గరా ఆగి, "ఇదే, ఆఁ, ఇదే" అంటాడు. లేజర్ వేస్తే వెలుగు రాదు. టీలు వచ్చాయి, తాగారు. బిస్కెట్లు అయిపోయాయి. సార్ మెడ మీద చెమట నాకు కింద నుంచి కనపడుతూనే ఉంది. నాకంత హాయి ఎప్పుడూ కలగలేదు. చివరికి వేరే దారి లేక ప్రసూనను పిలిపించాడు. ఆమె లైబ్రరీ పుస్తకాలు అప్పగించి వెళ్లిపోదామని అక్కడే ఉంది. సంచీ భుజాన ఉండగానే వచ్చింది.

"ఆ ముక్కను కొంచెం వెతికిపెట్టమ్మా," అన్నాడు, అందరి ముందూ తేనె పూసుకుని.

వద్దే పిల్లా అని నేను లోపల మొత్తుకున్నాను. దొరకలేదని ఒక్క మాట చెప్పు, ఈయన పరువు ఇప్పుడే గంగలో కలుస్తుంది, మన పగ తీరుతుంది. ప్రసూన సంచి కింద పెట్టి, మెరిసేవాళ్లను దాటుకుంటూ ఎప్పటిలాగే తిన్నగా నా దగ్గరికి వచ్చింది. లేచి పక్కకు నిలబడింది. ఆ పిల్లకూ అబద్ధం చేతకాదు. నాకు ఆమె మీద కూడా ఆ క్షణంలో కోపం వచ్చింది.

సార్ అంచు మీద లేజర్ పెట్టాడు. కొండ లేచింది గానీ వ్యాసంలో చూపించినంత లేదు. అన్నాళ్లుగా లేజర్ తిని తిని ఆ రంగు అప్పటికే సగం వెలిసిపోయింది. ఇంత తక్కువ చూపిస్తే ఏం బాగుంటుందని ఆయన లేజర్ బలం పెంచాడు. కొండ ఒక్కసారి ఎగిరి మళ్లీ కుంగింది. ఇంకా పెంచాడు, ఇంకా కుంగింది. ఉన్నంత బలం పెట్టేశాడు. ఎండకు ఆరేసిన చీర రంగు వెలిసినట్టు, అందరి కళ్ల ముందే ఆ గున్న కొండ నేలకు అంటుకుపోయింది.

"లేజర్‌ల ఏదో తేడా ఉన్నది మేడం," అన్నాడు. అని, లేజర్ బాగానే ఉందో లేదో చూపించడానికి వెలుగు చుక్కను అంచు మీంచి జరిపి నా నడుము మీద, బుడగ మీద పెట్టాడు. బలం తగ్గించడం మరిచిపోయాడు.

నా రోజు వచ్చిందని నాకు అర్థమైంది. నిప్పుల్లో నిలబడ్డట్టుంది. అయినా చుట్టుపక్కల జంటలన్నింటినీ బుడగ మీదికి రానిచ్చాను. నా కొండ సన్నగా, నిటారుగా లేచింది. ఒళ్లు వేడెక్కిన కొద్దీ ఆ కొండ కుడిపక్కకు, ఎరుపు వైపుకు జరగడం మొదలైంది.

"ఆగండి," అన్నారు పద్మాక్షి మేడం. "శిఖరం జరుగుతోంది చూశారా. పవర్ తగ్గించండి ఒకసారి."

తగ్గించాడు. నేను చల్లబడి నా చోటుకు వచ్చాను.

"మళ్లీ పెంచండి."

మళ్లీ జరిగాను. తెర మీద అంతా రికార్డవుతోంది.

"ఇది పొర అండీ. ఇది నిజం. బుడగ మీద ఎంత చక్కగా గుమిగూడుతున్నాయో చూడండి. మరి అంచు దగ్గర ఇందాకటిదాకా వెలిగింది ఏమిటి? అది జరగనూ లేదు, నిలవనూ లేదు. ఈ వేడి పరీక్ష ముందే ఎందుకు చేయలేదు నరహరిగారూ?"

గోడ వైపు నిలబడ్డ ప్రసూన మెల్లగా అంది, "ఈ పరీక్షే నేను అడిగిన మేడం. సార్ వద్దన్నరు. ఇప్పుడు సారే చేసిండ్రు."

గదిలో ఎవరో దగ్గారు. మేడం చూపు సూక్ష్మదర్శిని నుదుటి మీద ఆగింది. దసరా బొట్టు ఇంకా అక్కడే ఉంది. తర్వాత చిప్పుల పెట్టె మూత మీదికి పోయింది. వేలితో ముట్టుకుని, వేలు చూసుకుని, "ఇది లోపల కూడా పడిందా?" అని అడిగారు.

"పడలె మేడం," అన్నాడు సార్ గబగబా. "అంటే, కొంచెం పడ్డది. నేనే కడిగిన, ఆల్కహాల్‌తోని. సాఫ్ అయింది."

నాకు అప్పుడు అరవాలనిపించింది. కడిగింది ఆయనేనని ఆయన కాక ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు, నాకేమో నోరు లేదు. ఎవరి నోటితో చెప్పించాలా అని ఇన్నాళ్లూ కుమిలిపోతే ఆయన నోటితోనే వచ్చింది. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడటం అంటే నేను కళ్లారా చూశాను.

కానీ లేజర్ ఇంకా నా మీదే ఉంది, ఉన్నంత బలంతో ఉంది. అందరూ సార్ ముఖం చూస్తున్నారు. తెర వైపు చూసింది ప్రసూన ఒక్కతే. "కాలిపోతుంది," అంటూ వచ్చి లేజర్ మూత వేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. నా బుడగ కాలి, నా నడుమ గుండ్రటి తూటు పడింది. జంటలన్నీ జారి వచ్చి వెలిగే చోటు, ప్రసూన చదువు నిలబడ్డ చోటు, లేదు. ఆమె సూక్ష్మదర్శినిలోకి చాలాసేపు చూసింది. తల ఎత్తినప్పుడు కళ్లనిండా నీళ్లు.

మేడం ఆమె భుజం మీద చేయి వేసి, "రికార్డయిందమ్మా. ఇంతమందిమి చూశాం," అన్నారు. ఆ తర్వాత శుభ్రమైన గాజు పలక మీద మూతమీది కుంకుమ చిటికెడు వేసి, ఆల్కహాల్ చుక్క వేసి ఆరబెట్టించి, లేజర్ పెట్టించారు. అదే గున్న కొండ, అదే చోట లేచింది. సార్ ఇన్నాళ్లూ దేశమంతా చాటిన కొత్త సంగతి బజారులో దొరికే కుంకుమ. ఆయన శాలువా తెచ్చిన కవరును చేతుల్లో మడుస్తూ, విప్పుతూ నిలబడ్డాడు.

కేంద్రం రాలేదు. పంపిన వ్యాసాన్ని ఆయన చేతనే వెనక్కి తీయించారు. ప్రసూన థీసిస్‌కు పద్మాక్షి మేడం రెండో గైడుగా నిలబడ్డారు. చివరి అధ్యాయం బుడగదే, అందులో ఆ రోజు తెర మీద జరిగిన నా కొండే ఉంది. ప్రసూన మళ్లీ టేపు పట్టుకుని ఇంకో పొరను తీసింది, దానికీ బుడగ పెట్టింది, అదీ నాలాగే వెలిగింది. దాన్ని చూస్తే నాకు కుళ్లుగానే ఉంది, దాచుకోవడం ఎందుకు. సార్ ఉద్యోగం మాత్రం పోలేదు. జీతం ఆగలేదు. పింఛనుతో సహా దర్జాగా దిగాడు. నా నడుము కాలిపోయింది, ఆయనకు వేలి కొన కూడా కమలలేదు. ఇదేం న్యాయమని నేను ఏళ్లపాటు చీకటి డబ్బాలో రగిలిపోయాను.

ఇప్పుడు ఆ ల్యాబు ప్రసూనది. ఆయుధపూజ మానలేదు, దండలున్నాయి, నిమ్మకాయలున్నాయి, కొబ్బరికాయ కొడతారు. బొట్టు మాత్రం గదిలో ఏ వస్తువుకూ పెట్టరు. ప్రసూన ఏటా మరిచిపోకుండా ఫోన్ చేసి నరహరి సార్‌ను పిలుస్తుంది. పిలిస్తే రాకుండా ఉండలేడు, దండ వేసి కూర్చోబెడతారని ఆశ. పళ్లెం ఆయన చేతికే ఇచ్చి, "పెద్దలు మీరే పెట్టాలె సార్. బయట తలుపుకు," అంటుంది. ఆయన వెళ్లి తలుపుకు పెడతాడు. కొత్తగా చేరిన పిల్లలు అడగనే అడుగుతారు, మిషన్లకు ఎందుకు పెట్టం మేడం అని. "సార్‌ను అడుగుండ్రి, చెప్తరు," అంటుంది ప్రసూన. అని, నన్ను డబ్బాలోంచి తీసి సూక్ష్మదర్శిని కింద పెడుతుంది.

మొదటి ఏడు ఆయన, "చిప్పు మీద కుంకుమ పడితె ఎవరో కడిగిండ్రు" అని చెప్పాడు.

"ఎవరు సార్?" అని అడిగింది ప్రసూన, ఎంతో మర్యాదగా.

పిల్లలందరూ ఆయన వైపు తిరిగారు. "నేనే కడిగిన," అన్నాడు.

ఆ తర్వాతి ఏడూ అలాగే అడగవలసి వచ్చింది, దాని తర్వాతి ఏడూ అంతే. ఈ దసరాకు ఆమె అడగలేదు. ఆయనే గొంతు సవరించుకుని, "నేనే కడిగిన. ఈ పిల్ల వద్దన్నది, నేనే ఇనలే," అని చెప్పి, కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, సూక్ష్మదర్శినిలోకి వంగి నన్ను చూశాడు. ఎన్నేళ్ల తర్వాతో మొదటిసారి తన కంటితో నన్ను చూశాడు. ఆయన తెగ్గొట్టిన మూల ఉంది, కాల్చిన తూటు ఉంది, ఆ రెండింటి చుట్టూ మిగిలిన ఒళ్లు ఇంకా వెలుగుతోంది.

"ఇంకా ఉన్నదా ఇది?" అన్నాడు.

"ఉన్నది సార్," అంది ప్రసూన.

ఉన్నాను. పగ తీరిందా అని మీరడిగితే, లేదు. ఆ మాట ఇంకోసారి వినాలి. నా వెలుగు ఇప్పట్లో పోయేది కాదు. ఆయన్ను వచ్చే దసరాకు కూడా రమ్మనండి.